కీ ఇచ్చిన పాడు పెట్టె

సిరిసిల్ల అనగానే మగ్గములు జ్ఞప్తికి వచ్చును. కరెంటు పోయినచో అచ్చటి మరమగ్గము ఆగిపోవును. ఒకప్పటి గ్రామఫోను పెట్టెకు మాత్రము కరెంటుతో పనియే లేదు. కీ ఇచ్చిన చాలును. అట్టి పెట్టె అటకమీదనో, పాత సామానుల అంగడిలోనో దొరికినచో దానిని మరల పాడించవచ్చునా? పాడించవచ్చును. కాని పెట్టెకంటె ముందు రికార్డును కాపాడవలెను. చెడిన పెట్టె బాగుపడును. చెరిగిన పాట తిరిగి రాదు.

కీ త్రిప్పినప్పుడు డబ్బీలోని పొడవైన ఉక్కు స్ప్రింగు బిగిసి, చేతి బలమును దాచుకొనును. అది విప్పుకొనుచు పళ్ళచక్రముల ద్వారా పళ్ళెమును నిమిషమునకు 78 చుట్లు త్రిప్పును. స్ప్రింగు బిగువు క్రమముగా తగ్గుచున్నను వేగము మారకుండ చూచునది 'గవర్నరు'. దాని ఇరుసు చుట్టును మూడు రేకులకు చిన్న గుండ్లు బిగించియుండును. వేగము హెచ్చినచో గుండ్లు వెలుపలికి జరిగి ఒక బిళ్ళను లాగును. ఆ బిళ్ళ మెత్తని తోలుముక్కను ఒరసికొనగా వేగము తగ్గును.

రికార్డు గాడిలోని వంపులు సూదిని కదల్చును. ఆ కదలిక సౌండుబాక్సులోని పలుచని పొరను కంపింపజేయగా, ధ్వని బాకాగుండ వెలువడును. పూర్వము ఈ పొరను అభ్రకముతో చేసెడివారు. గూడూరు ప్రాంతపు గనులలో దొరకు అభ్రకము వంటిదే అది.

నాటి రికార్డులో లక్క, రాతిపొడి, మసి, కొంత పత్తిపీచు ఉండును. లక్క మోదుగ, రేగు మొదలగు చెట్లపై బ్రతుకు పురుగులు ఇచ్చునది. కలకత్తాలో 1902లో భారతీయ గాయకుల పాటలను రికార్డు చేసిరి. 1908లో అచ్చటనే రికార్డుల కర్మాగారము వెలసినది. అటుపిమ్మట కపిలవాయి రామనాథశాస్త్రి వంటి రంగస్థల గాయకుల పద్యములు నాటకము చూడనివారి చెవులకును చేరినవి.

రికార్డులోని రాతిపొడి ఉక్కు సూదిని అరగదీసి గాడికి సరిపడునట్లు చేయును. సూదిపై 100 గ్రాములకు మించిన బరువు పడును. సుమారు 3 నిమిషములు, అనగా ఒక వైపు పాట ముగియునప్పటికి, మొన ఉలివలె మారును. దానినే మరల వాడినచో గాడి గోడలను చెక్కివేయును. కనుక ప్రతి వైపునకును క్రొత్త సూది పెట్టవలెను. తరువాతి కాలపు వినైలు రికార్డులను ఈ పెట్టెపై ఎన్నడును పెట్టరాదు. వాటి సన్నని గాడులు ఈ బరువునకు ఆగవు.

సేకరించువారు బాకా మెరుపును చూచి మోసపోరాదు. క్రొత్తగా చేసిన నకళ్ళు పెక్కు కలవు. మోటారును, సౌండుబాక్సును పరీక్షించి కొనవలెను. మరమగ్గములు బాగుచేయు సిరిసిల్ల మేస్త్రీలకు పళ్ళచక్రములు క్రొత్త కావు. కాని బిగిసియున్న స్ప్రింగు డబ్బీని విప్పుట ప్రమాదము. ముందు కీ బిగువు పూర్తిగా దిగిపోనీయవలెను; లేనిచో స్ప్రింగు ఎగిరి చేతులు కోయును. గట్టిపడిన పాత గ్రీజును కిరసనాయిలుతో కడిగి క్రొత్తది పూయవలెను. సౌండుబాక్సులో ఎండిన రబ్బరు వలయములను మార్చినచో గరగర తగ్గును. రికార్డు క్రింద చిన్న కాగితపు చీటీ అంచున కనబడునట్లు ఉంచి, అది నిమిషములో 78 మార్లు ఎదుటికి వచ్చునట్లు వేగమును సరిచేయవలెను.

రికార్డును స్పిరిటుతో తుడువరాదు. వడ్రంగులు పాలిషు కొరకు లక్కను కరగించునది స్పిరిటులోనే కదా! మెత్తని గుడ్డను కొంచెము తడిపి తుడిచి, వెంటనే ఆరబెట్టి, ఎండ తగులని చోట నిలువుగా పెట్టవలెను. అరుదైన రికార్డు దొరికినచో, తేలికైన సూదిగల విద్యుత్ పరికరముతో దాని పాటను మొదట కంప్యూటరులోనికి ఎక్కించుకొనుట మేలు. పెట్టెపై సామాన్యముగా దొరకు రికార్డులను వినవచ్చును. ఒకే ఒకటి మిగిలిన పాటను ఉక్కు సూదికి అప్పగింపరాదు.