షటిల్‌కు స్నేహితుణ్ని పిలుస్తున్నారా?
మోజు కంటే ముందు మడమ, కన్ను భద్రం

అమలాపురం: నలభై ఏళ్లు దాటిన ఇద్దరు మిత్రులు కలిసి షటిల్ బ్యాడ్మింటన్ మొదలుపెట్టాలనుకోవడం కోనసీమలో వింతేమీ కాదు. చిరాగ్ శెట్టితో జోడీగా 2022 కామన్వెల్త్, 2023 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించిన సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డిది ఈ ఊరే. టీవీలో చూసిన స్మాష్‌ను తొలిరోజే కొట్టబోవడంతోనే చిక్కు వస్తుంది. సాత్విక్ స్మాష్ వేగాన్ని 2023లో గిన్నిస్ సంస్థ గంటకు 565 కిలోమీటర్లుగా నమోదు చేసింది. దాని వెనుక చిన్ననాటి నుంచి చేసిన సాధన ఉంది. రోజంతా కుర్చీకి అలవాటుపడిన కాలికి అది లేదు.

పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే అకిలిస్ స్నాయువు ముప్పై నుంచి యాభై ఏళ్ల మధ్యవారిలో, అందునా అప్పుడప్పుడూ ఆడేవారిలో ఎక్కువగా తెగుతుంటుంది. నిలుచున్నవారు ఒక్కసారిగా ముందుకు ఉరికినప్పుడు వెనుక నుంచి ఎవరో తన్నినట్లు అనిపిస్తుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. అలా అనిపిస్తే ఆట ఆపి ఎముకల వైద్యుని వద్దకు వెళ్లాలి. బెణుకేలే అని నూనె మర్దనతో సరిపెట్టుకోరాదు. ఆటకు ముందు పది నిమిషాలు శరీరాన్ని వేడెక్కించుకోవడం తప్పనిసరి. నడకకు వాడే ఎత్తు మడమ బూట్లు పక్కకు అడుగు వేసేటప్పుడు చీలమండను మెలిపెడతాయి. రాకెట్ చవకదైనా పరవాలేదు గానీ, పలుచని రబ్బరు అడుగున్న కోర్టు బూట్లు కొనుక్కోవలసిందే. రక్తపోటు, మధుమేహం ఉన్నవారు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి.

రెండో ప్రమాదం జోడీ నుంచే వస్తుంది. డబుల్స్‌లో నెట్ దగ్గర నిలుచున్న వ్యక్తి, వెనుకనున్న మిత్రుడు ఎలా కొడతాడోనని తల తిప్పి చూస్తే షటిల్ నేరుగా కంటికి తగులుతుంది. కొత్తగా పిలిచిన స్నేహితునికి చెప్పవలసిన మొదటి మాట ఇదే: వెనక్కి చూడకు. మామూలు కళ్లద్దాలు పగిలితే మరింత ముప్పు కనుక పాలీకార్బొనేట్ రక్షణ అద్దాలు మేలు.

దాడి చేసేటప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనుక ఉండాలి. షటిల్‌ను ఎత్తి కొట్టినప్పుడు ఇద్దరూ పక్కపక్కకు జరగాలి. ఇద్దరి మధ్య పడే షటిల్ ఎవరిదో ముందే మాట్లాడుకోకపోతే రాకెట్లు ఢీకొంటాయి, ఆపై మాటలూ ఢీకొంటాయి. సర్వీసులో షటిల్‌ను నేల నుంచి 1.15 మీటర్ల ఎత్తుకు లోపలే కొట్టాలన్న నిబంధన 2018లో వచ్చింది. డబుల్స్ సర్వీసు చివరి గీతకు 76 సెంటీమీటర్లు లోపలే పడాలి. కొత్తవారు తడబడేది ఇక్కడే.

ఆట వచ్చిన మిత్రుడు రాని మిత్రుణ్ని ఆరితేరినవారి మధ్యకు తీసుకెళ్లి నిలబెట్టడం సరికాదు. నాలుగు రోజులు చూసి అతడు రావడం మానేస్తాడు. తొలి రెండు మూడు వారాలు పాయింట్లు లెక్కించక, ఇద్దరే ఎదురెదురుగా సర్వీసు, ర్యాలీ సాధన చేయడం మంచిది. ప్రతి దెబ్బకూ తప్పు పట్టకుండా, రోజుకు ఒక్క విషయం చెబితే చాలు. ఈకల షటిల్ కొత్తవారి చేతిలో త్వరగా విరిగిపోతుంది. అప్పటిదాకా నైలాన్‌దే వాడుకోవచ్చు. గాలి వీచే ఆరుబయట మాత్రం ఏదీ నిలకడగా ఎగరదు కనుక, ఇద్దరూ ఖర్చు పంచుకుని ఇండోర్ కోర్టు తీసుకోవడం ఉత్తమం.