పిస్టన్ మీద మసి: ఎందుకు పడుతుంది? ఎలా తీయాలి?

పాత నూరు సీసీ బండి హెడ్ విప్పగానే మెకానిక్ మనకు చూపించేది పిస్టన్ తల మీది నల్లటి పెచ్చు. “కార్బన్ పట్టేసిందండీ, క్లీన్ చేస్తే సరిపోతుంది” అని చేతికందిన స్క్రూ డ్రైవరుతో గీకడం మొదలుపెడతాడు. పావుగంటలో పిస్టన్ తళతళలాడుతుంది. కొన్నాళ్లకు మళ్లీ పికప్ తగ్గుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను మళ్లీ టకటకమంటుంది. ఆ మసి ఎక్కడి నుంచి వచ్చిందో చూడకపోవడం ఒక కారణం. మసితో పాటు లోహాన్నీ గీకేయడం రెండో కారణం. ఈ రెండూ జరగకుండా పని చేసుకోవడం ఎలాగో ఒక్కొక్క ప్రశ్నగా చూద్దాం.

పెట్రోలు కాలిపోయాక మసి ఎందుకు మిగులుతుంది?

పెట్రోలు అంటే కార్బన్, హైడ్రోజన్ కలిసిన పదార్థాల మిశ్రమం. కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఆ లెక్క కుదిరితే కార్బన్ కాస్తా కార్బన్ డయాక్సైడ్‌గా, హైడ్రోజన్ నీటి ఆవిరిగా మారి సైలెన్సరు దారిన పోతాయి. గాలి చాలకపోతే కొంత కార్బన్ కాలకుండా మసిగా మిగులుతుంది. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయినా, కార్బురేటరులో పెట్రోలు ఎక్కువ వచ్చేలా అమర్చినా, చోక్ లాగి మరిచిపోయినా జరిగేది ఇదే.

రెండో దారి ఇంజను ఆయిల్. అరిగిన రింగుల పక్క నుంచో, గట్టిపడిపోయిన వాల్వ్ సీళ్ల నుంచో ఆయిల్ మంట దగ్గరికి చేరుతుంది. అది పెట్రోలులా ఇట్టే ఆవిరైపోదు. వేడి లోహం మీద పలచగా పరుచుకుని, మాడి, జిగురుగా మారి, చివరికి పెచ్చు కడుతుంది. పొడి మసి కూడా ఆ జిగురుకే అంటుకుంటుంది. పెట్రోలు మసి వేలితో తుడిస్తే వచ్చేస్తుంది. ఆయిల్ కలిసి మాడిన మసి మాత్రం రాదు.

మూడోది మన వాడుక. వీధి వీధికీ ఆగుతూ తిరిగే పాలబండి, ఇంటి నుంచి కిలోమీటరు దూరంలోని కొట్టుకు వెళ్లి ఆగిపోయే బండి సరిగ్గా వేడెక్కవు. స్పార్క్ ప్లగ్గు మొన సుమారు 450 డిగ్రీల సెల్సియస్‌కు చేరితేనే తన మీది మసిని తానే కాల్చుకోగలదు. ఆ వేడి రాకముందే ఇంజను ఆపేస్తూ ఉంటే మసి పేరుకుపోతుంది.

పలచటి పొరే కదా, అంత నష్టమా?

లెక్క వేసి చూద్దాం. 100 సీసీ ఇంజనులో కంప్రెషన్ నిష్పత్తి 9:1 అనుకుంటే, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దాని మీద మిగిలే ఖాళీ 12.5 మిల్లీలీటర్లు. అందులో ఒక్క మిల్లీలీటరు చోటు మసి ఆక్రమిస్తే నిష్పత్తి 9.7:1కి పెరుగుతుంది. 50 మిల్లీమీటర్ల పిస్టన్ తల మీద, హెడ్ లోపలి గుంటలో ఆ మసిని సమంగా పరిస్తే పావు మిల్లీమీటరు మందం కూడా ఉండదు. అదనపు కుదింపుకు తోడు, మసి వేడిని లోహంలోకి త్వరగా పోనివ్వదు. పెట్రోలు ప్లగ్గు వెలిగించిన మంట చేరకముందే అక్కడక్కడా భగ్గుమంటుంది. మనకు వినిపించే టకటక అదే. మసి ముక్క ఎర్రగా కాలుతూ ఉండిపోతే ప్లగ్గు మెరవకముందే మంట పుడుతుంది. అది పిస్టన్‌కే ప్రమాదం.

రింగుల గాడిలో చేరిన మసి ఇంకా చెడ్డది. రింగు తన గాడిలో స్వేచ్ఛగా కదులుతూ బోరు గోడను ఒత్తుకుని ఉండాలి. గాడి నిండిపోతే రింగు అతుక్కుపోతుంది. అప్పుడు కంప్రెషన్ కిందికి, ఆయిల్ పైకి జారతాయి. పైకి వచ్చిన ఆయిల్ మళ్లీ మసి అవుతుంది. వాల్వు కూర్చునే చోట పెచ్చు పడితే వాల్వు పూర్తిగా మూసుకోదు. ఆ సందులోంచి దూసుకుపోయే వేడికి ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది.

విప్పకముందే ఏమైనా తెలుస్తుందా?

ముందు ప్లగ్గు తీసి చూడండి. మొన లేత గోధుమ రంగులో ఉంటే మంట బాగుంది. పొడి నలుపైతే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ వస్తోంది. తర్వాత పొగ చూడాలి. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు నీలి పొగ వదిలి ఆపేస్తే వాల్వ్ సీళ్లను అనుమానించాలి. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా పొగ వస్తే రింగులను అనుమానించాలి. గేజితో కంప్రెషన్ కొలిచి, ప్లగ్గు రంధ్రంలో కొద్దిగా ఇంజను ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. కొలత బాగా పెరిగితే లోపం రింగుల దగ్గర ఉన్నట్టు. పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి.

హెడ్ విప్పగానే గీకడం మొదలుపెట్టవచ్చా?

వద్దు. ముందు ఫోటో తీసుకోండి, ఎందుకంటే మసి పోయాక సాక్ష్యం కూడా పోతుంది. పిస్టన్ తల అంచు చుట్టూ మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉండి మధ్యలో పెచ్చు ఉంటే, రింగుల పక్క నుంచి ఆయిల్ వచ్చి ఆ అంచును కడుగుతోందని అర్థం. ఇన్‌టేక్ వాల్వు కాడ మీద ముద్దలా మసి ఉంటే సీలులోంచి ఆయిల్ కారుతోంది. అంతటా ఒకే రకం పొడి మసి ఉంటే ఫిల్టరు, కార్బురేటరు చూడాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బళ్లలో చాలా వాటికి కార్బురేటరు లేదు. వాటిలో ఆక్సిజన్ సెన్సరు, ఇంజెక్టరు పరీక్షించాలి.

మరి తీయడం ఎలా?

పిస్టన్, హెడ్ రెండూ అల్యూమినియం మిశ్రమ లోహాలు. ఉక్కు స్క్రూ డ్రైవరు, హాక్సా బ్లేడు, ఇనుప వైర్ బ్రష్ వాటికంటే గట్టివి. అవి మసి కింద లోహాన్నీ చెక్కేస్తాయి. ఆ గాట్లలో కొత్త మసికి పట్టు దొరుకుతుంది. అందువల్ల పని నానబెట్టడంతో మొదలుపెట్టాలి. అడుగంటిన గిన్నెలో నీళ్లు పోసి ఉంచినట్టే, విప్పిన పిస్టన్‌ను కిరోసిన్‌లోగాని, అల్యూమినియానికి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న కార్బన్ క్లీనర్‌లోగాని రాత్రంతా ఉంచండి. పెట్రోలు వాడవద్దు, దాని ఆవిరికి దూరాన ఉన్న నిప్పురవ్వ చాలు. పొద్దునకు మెత్తబడిన పెచ్చును వెదురు బద్దతోనో, గట్టి ప్లాస్టిక్ ముక్కతోనో తోయండి. మిగిలినదానికి ఇత్తడి బ్రష్ వాడి, మళ్లీ నానబెట్టండి. చేతులకు గ్లవ్స్, ముక్కుకు మాస్క్ ఉండాలి. పొడి మసిని గాలితో ఊదకూడదు.

రింగులు తీసేటప్పుడు ఏది ఏ గాడిలోదో, ఏ వైపు పైకి ఉందో రాసుకోండి. పారేయబోయే పాత రింగును విరిచి, ఆ ముక్కతో గాడిని శుభ్రం చేయడం మెకానిక్‌లకు అలవాటైన మంచి పద్ధతి. రింగు మందం గాడికి సరిపోతుంది. మసి రాలగానే చేయి ఆపాలి. గాడి వెడల్పయితే కొత్త రింగు కూడా అందులో ఆడుతుంది. ఆయిల్ రింగు గాడి వెనక ఉండే సన్నటి రంధ్రాలను తెరవడం మరవకండి. గీకిన ఆయిల్ వెనక్కి పోయే దారి అదే.

పిస్టన్ విప్పకుండా తల మాత్రమే శుభ్రం చేస్తుంటే, దాన్ని పూర్తిగా పైకి తెచ్చి, బోరు అంచు చుట్టూ గ్రీజు పూయండి. రాలిన రవ్వలు గ్రీజుకు అంటుకుంటాయి. పని అయ్యాక గ్రీజును, రవ్వలను కలిపి తుడిచేయాలి. బోరులో మిగిలిన ఒక్క రవ్వ కొత్త గీతకు చాలు. ఎమరీ పేపరు జోలికి పోవద్దు. దాని గరుకు పొడి లోహంలో దిగబడి అక్కడే ఉండిపోతుంది. పిస్టన్‌కు అద్దం మెరుపు అవసరం లేదు. పెచ్చు పోయి, లోహం రంగు మచ్చలుగా మిగిలినా చాలు.

కాస్టిక్ సోడా వాడితే త్వరగా పోతుంది కదా?

మసితో పాటు పిస్టన్ కూడా పోతుంది. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. ఆ చర్యలో మండే గుణమున్న హైడ్రోజన్ వెలువడుతుంది. ఉక్కుతో చేసిన సైలెన్సరు లోపలి గొట్టం వంటివాటికి అది పనికొస్తుంది. అప్పుడు కూడా కళ్లజోడు, గ్లవ్స్ తప్పనిసరి.

ఆ గొట్టం పని టూ స్ట్రోక్ బళ్లకు ఎక్కువ. 1985 నుంచి 1996 వరకు తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 వంటి బళ్లు పెట్రోలుతో పాటు ఆయిల్‌నూ కాల్చేలా రూపొందాయి, కాబట్టి మసి తప్పదు. ఎగ్జాస్ట్ పోర్టు, సైలెన్సరు మూసుకుపోతే ఇంజను ఊపిరాడక బలం కోల్పోతుంది. పోర్టు శుభ్రం చేసేటప్పుడు పిస్టన్‌ను కిందికి దించి, అంచులకు గాటు పడకుండా చెక్క బద్దతోనే తీయాలి.

విప్పకుండా తీసే మందులు పనిచేస్తాయా?

పాలీఈథర్ అమీన్ ఉన్న పెట్రోలు క్లీనర్లు వాల్వుల మీది, దహన గదిలోని పలచటి పొరను కొంత కరిగిస్తాయి. అతుక్కుపోయిన రింగును వదిలించే పని వాటికి అప్పగించలేం. సిలిండరులోకే నేరుగా పెట్రోలు చిమ్మే కారు ఇంజన్లలో ఆ మందు ఇన్‌టేక్ వాల్వులను తాకనే తాకదు. వాటి మీది మసిని అక్రోటు పెంకుల పొడిని గాలితో చిమ్మి రాలుస్తారు. ఆ పొడి మసి కంటే గట్టిది, లోహం కంటే మెత్తనిది. ఏ సేవకైనా డబ్బు కట్టేముందు, తర్వాత కంప్రెషన్ కొలిపించుకోండి. అంకె మారిందో లేదో కాగితం మీద ఉంటుంది.

తిరిగి బిగించేటప్పుడు ఏం చూడాలి?

వాల్వు, సీటు గ్రైండింగ్ పేస్టుతో రుద్దాక పేస్టు జాడ లేకుండా కడగాలి. పోర్టులో కిరోసిన్ పోసి వాల్వు కింద చెమ్మ రావడం లేదని చూడాలి. పిస్టన్ మీది గుర్తు కంపెనీ చెప్పిన వైపే ఉండాలి. సర్‌క్లిప్పులు, హెడ్ గాస్కెట్ కొత్తవే వేయాలి. నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, టార్క్ రెంచితో బిగించి, చివర ట్యాపెట్ సందు సరిచేయాలి.

ఆ తర్వాత ఎయిర్ ఫిల్టరు, ఆయిల్ చెప్పిన కిలోమీటర్లకు మారుస్తూ ఉండండి. వారానికి ఒకసారైనా బండిని బాగా వేడెక్కేంత దూరం నడపండి. 500 కిలోమీటర్లు తిరిగాక ప్లగ్గు మళ్లీ తీయండి. లేత గోధుమ రంగు కనిపిస్తే అసలు లోపం దొరికి, సరి అయినట్టు. నల్లగానో జిడ్డుగానో ఉంటే మసిని మాత్రమే తీశాం, దాన్ని పుట్టించే లోపం ఇంజనులోనే ఉంది. పెచ్చు గట్టిపడకముందే దాన్ని వెతికించండి.