వాన నీటి కోసం తొలిచిన కొండ

విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో మంగమారిపేట దగ్గర ఎడమవైపు ఘాట్ ఎక్కితే తొట్లకొండ. వచ్చినవాళ్లలో చాలామంది మహాస్తూపం ముందు ఫొటో దిగి, కింద పరుచుకున్న సముద్రాన్ని చూసి వెళ్లిపోతారు. అక్కడ నింపాదిగా చూడాల్సినవి మాత్రం రాతిలో తొలిచిన నీటి తొట్లు. కొండకు పేరు తెచ్చింది అవే.

1976లో నౌకాదళం జరిపిన గగనతల సర్వేలో ఈ చోటు బయటపడింది. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే స్తూపాలు, చైత్యగృహాలు, భిక్షువుల గదులు, వంటశాల, సాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ ఆరామం ఇది.

ఏరు లేని కొండ నెత్తిన అంతమంది ఎలా బతికారు? వాన నీటితోనే. వాన వాళ్ల నియమాల్లోకీ వచ్చింది. భిక్షువులు వానాకాలం మూడు నెలలు ఒకే చోట ఉండాలన్న నియమానికి, వాళ్ల నియమావళి అయిన వినయ పిటకం ఒక కారణం చెబుతుంది. వానల్లో ఊరూరా తిరుగుతూ పచ్చగడ్డినీ చిన్న ప్రాణులనూ తొక్కేస్తున్నారని జనం సణుక్కున్నారట. పక్షులు సైతం ఆ కాలంలో గూడు కట్టుకుని కదలవు కదా, వీళ్లకేమైందని నిలదీశారట. అలా పుట్టిందే వర్షావాసం.

ఆ పిటకంలోనే ఇంకో కథ. ఆళవి అనే ఊళ్లో ఒక భిక్షువు చెట్టు నరికితే, దాని మీద కాపురమున్న దేవత బుద్ధుడి దగ్గరికెళ్లి మొరపెట్టుకుంది. మొక్కలను పాడుచేయకూడదన్న నియమం దాని తర్వాత వచ్చింది. మట్టి తవ్వకూడదు, పురుగులున్న నీళ్లు వాడకూడదు. అందుకే భిక్షువు వెంట ఉండే ఎనిమిది వస్తువుల్లో నీళ్లు వడపోసుకునే గుడ్డ ఒకటి.

మరి తొట్ల కోసం కొండను తొలిచారు కదా? సందేహం న్యాయమైనదే. మట్టి తవ్వకూడదన్న నియమాన్ని వివరించేచోట వినయ పిటకం ఉత్త రాయిని ప్రాణమున్న నేల కింద లెక్కవేయదు. తొలిచినవాళ్లు ఈ మాట తలుచుకునే పని మొదలుపెట్టారని నేననను. కానీ ప్రకృతి పట్ల బౌద్ధం తీరు ఇందులో తెలుస్తుంది. ప్రకృతిని ముట్టుకోవద్దని అది అనలేదు. ఎక్కడ చేయి వేస్తే ప్రాణి నలుగుతుందో చూసుకోమంది. ఈ మధ్య బుద్ధుణ్ణి తొలి పర్యావరణవేత్త చేసేస్తున్నారు. ఆ బిరుదు ఆయనకు అతకదు. ఆయన మాట్లాడింది హింస గురించి, మనిషి ఆశ గురించి. చెట్టూ పిట్టా బతికిపోవడం దాని వెంట వచ్చిన ఫలితం.

కొండవాలు మీద పడ్డ నీటిని తొట్లలోకి మళ్లించి దాచుకున్న ఆ ఏర్పాటు ఇప్పటి ఇంజనీర్లూ చూడదగ్గది. అదే వాన 2019లో, మన కాలంలో తిరిగి కట్టిన మహాస్తూపాన్ని కొంత కూల్చేసింది.

ఎండ ముదరకముందే వెళ్లండి, పైన నీడ తక్కువ. నాలుగు వానలు పడ్డాక వెళితే మరీ మంచిది. తాగిన నీళ్ల సీసాలు మాత్రం ఆ తొట్లలో పడేయకండి.