బొచ్చుకుక్కలకు మైదానాల్లో మిన్నల్లుల బెడద

న్యూఢిల్లీ: మంచుకొండల్లో గొర్రెల మందలను కాయడానికి, దారి తప్పిన బాటసారులను వెతకడానికి మనిషి తరతరాలుగా పెంచుతూ వచ్చిన పెద్దజాతి బొచ్చుకుక్కలు ఇప్పుడు ఢిల్లీ, హైదరాబాద్, చెన్నై వంటి నగరాల అపార్ట్‌మెంట్లలో కనిపించడం వింతేమీ కాదు. సెయింట్ బెర్నార్డ్, టిబెటన్ మాస్టిఫ్, అలాస్కన్ మాలమ్యూట్ వంటివాటిని ముచ్చటపడి తెచ్చుకునేవారు ముందుగా భయపడేది మన ఎండలకు. గదిలో ఎయిర్ కండిషనర్ బిగించి ఆ సమస్య తీరిందనుకుంటారు. ఆ దట్టమైన బొచ్చులో స్థిరపడే మరొక శత్రువు సంగతి మాత్రం చాలా ఆలస్యంగా బయటపడుతుంది. అది రెండు మూడు మిల్లీమీటర్లకు మించని మిన్నల్లి. దానిని వదిలించాలన్న తొందరలో యజమానులు చేసే పనులు ఒక్కొక్కప్పుడు మిన్నల్లి కంటే ఎక్కువ కీడు చేస్తున్నాయి.

ఇంగ్లీషులో 'ఫ్లీ' అనే ఈ కీటకాన్ని తెలుగులో 'ఈగ' అని రాసేయడం వార్తల అనువాదంలో దొర్లే పొరపాట్లలో ఒకటి. దీనికి రెక్కలు లేవు. పశువుల కాపరులు పిడుదు అనీ గోమారి అనీ పిలిచేది కూడా ఇది కాదు. ఎదిగిన పిడుదుకు ఎనిమిది కాళ్లుంటాయి. అది చర్మాన్ని కరచి పట్టుకుని, కదలకుండా రక్తం తాగి ఉబ్బుతుంది. మిన్నల్లికి కాళ్లు ఆరు. రెండు పక్కల నుంచి నొక్కినట్లుండే శరీరంతో వెంట్రుకల నడుమ పరుగులు తీస్తుంది. తన ఒంటి పొడవుకు దాదాపు నూరు రెట్ల దూరం గెంతగలదు. మందు ఎంపిక ఈ తేడా మీదనే ఆధారపడి ఉంటుంది. ఇమిడాక్లోప్రిడ్ ఒక్కటే వాడితే మిన్నల్లులు చస్తాయి, పిడుదులు మిగులుతాయి. అమిట్రాజ్‌తో పిడుదులు రాలిపోతాయి గాని మిన్నల్లుల మీద దాని ప్రభావం ఉండదు.

కొండజాతుల పుట్టుపూర్వం

ఇటువంటి కుక్కలు విదేశాలలోనే లేవు. హిమాచల్ ప్రదేశ్‌లోని చంబా, కాంగ్రా జిల్లాల గద్దీ గొర్రెల కాపరుల వెంట నడిచే గద్దీ కుక్క మన దేశపు జాతియే. చిరుతపులి మెడ పట్టకుండా దానికి ముళ్లున్న ఇనుప పట్టీ తొడిగే ఆచారం ఉన్నది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ 2025లో ఈ జాతిని అధికారికంగా గుర్తించింది. రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ హౌండ్‌ల తరువాత ఈ గుర్తింపు పొందిన నాలుగవ దేశీయ జాతి ఇది. హిమాలయ ప్రాంతానికి సంబంధించినంతవరకు ఇదే మొదటిది. అంతకుముందే, 2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కలపై విడుదల చేసిన స్టాంపులలో హిమాలయ షీప్‌డాగ్‌కు చోటు దక్కింది.

గద్దీ కాపరులు వేసవిలో మందలతో లాహౌల్ వైపు ఎత్తైన పచ్చికబయళ్లకు ఎక్కుతారు. చలి ముదిరినప్పుడు దిగువ కొండలకు దిగివస్తారు. కాపలా కుక్కలు కూడా వారితోపాటే ఎక్కుతాయి, దిగుతాయి. అంటే ఆ బొచ్చు వడగాలిని ఎదుర్కోవలసిన అవసరమే సాధారణంగా రాదు. స్విట్జర్లాండ్‌లోనూ ఇటువంటి ఏర్పాటే ఉన్నది. 2,469 మీటర్ల ఎత్తున ఉన్న గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమలోని మఠానికి చెందిన కుక్కల సంరక్షణను 2005లో ఏర్పడిన బారీ ఫౌండేషన్ చేపట్టింది. శీతకాలమంతా దిగువన మార్టినీ పట్టణంలో ఉంచి, వేసవిలో వాటిని కనుమ మీదికి తీసుకుపోతారు.

సెయింట్ బెర్నార్డ్ గురించి చాలామందికి తెలియని విషయం మరొకటి ఉన్నది. 1800 నుంచి 1814 వరకు జీవించి, 40 మందికి పైగా ప్రాణాలు కాపాడిందని ప్రసిద్ధికెక్కిన బారీ అనే కుక్కకు పొట్టి వెంట్రుకలే ఉండేవి. తరువాత న్యూఫౌండ్‌లాండ్ జాతితో సంపర్కం వల్ల పొడుగు బొచ్చు సంక్రమించింది. ఆ బొచ్చుకు మంచు గడ్డలు పట్టి బరువెక్కడంతో అటువంటివి మంచులో గాలింపు పనికి అంతగా పనికిరాలేదు. ఇప్పుడు మన నగరాలలో ముద్దుగా పెంచుకునేది ఎక్కువగా ఈ పొడుగు బొచ్చు రకాన్నే.

సినిమాల వల్ల, ప్రకటనల వల్ల, ఈ మధ్య ఇంటర్నెట్ వీడియోల వల్ల ఈ కుక్కలకు గిరాకీ పెరిగింది. వ్యాపారం కోసం, పిల్లలను పెట్టించడం కోసం విదేశీ కుక్కలను దిగుమతి చేసుకోవడంపై విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ 2016 ఏప్రిల్ 25న ఆంక్షలు విధించింది. యజమాని పేరున సరైన పత్రాలతో వచ్చే పెంపుడు కుక్కలకు, పరిశోధన సంస్థలకు, రక్షణ, పోలీసు దళాలకు మాత్రమే ఆ నోటిఫికేషన్ మినహాయింపునిచ్చింది. కాగా అప్పటికే దేశంలో ఉన్న కుక్కల సంతతితో వ్యాపారం సాగుతూనే వచ్చింది. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం పిల్లలను పెట్టించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మరాదు. కొన్న తరువాత, ఒళ్లంతా పుండ్లు పడ్డాయనో ఇల్లంతా పురుగు పట్టిందనో వీధిలో వదిలేసే యజమానుల విషయంలో మాత్రం చట్టం చాలా మెత్తగా ఉన్నది. జంతువులపై క్రూరత్వ నిరోధానికి 1960లో చేసిన చట్టం మొదటి తప్పుకు నిర్ణయించిన జరిమానా పది రూపాయలకు తక్కువ కాకుండా, యాభైకి మించకుండా! ఎదిగిన సెయింట్ బెర్నార్డ్ ఒక పూట తిండికి కూడా అది చాలదు.

గొరిగితే చల్లబడదు

ఈ జాతుల ఒంటిపై బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. చర్మానికి ఆనుకుని దూదిలాంటి మెత్తని పొర, దానిపైన ముతక వెంట్రుకల పొర. లోపలి పొర చలిని మాత్రమే కాదు, నేరుగా పడే ఎండ వేడిని కూడా కొంతవరకు అడ్డుతుంది. అందుచేత వేసవి రాగానే మొత్తం గొరిగించడం మేలు చేయదు. చర్మం ఎండకు కమిలిపోవచ్చు. కొన్నింటికి బొచ్చు మళ్లీ మునుపటిలా పెరగదు కూడా. గొరిగినంత మాత్రాన మిన్నల్లులు పోవు. పుండు పడినచోటనో, జడలు కట్టి విప్పడానికి వీలుకానిచోటనో వైద్యుడు కత్తిరించడం వేరు.

కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్లలోనే. ఒళ్లు చల్లబరచుకోవడానికి అది నాలుక చాచి రొప్పడంపైనే ఆధారపడుతుంది. దాని సహజ ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. అది 106 దాటితే ప్రాణాపాయం. వేసవిలో మధ్యాహ్నం 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరే విజయవాడ వంటి చోట కరెంటు పోయిన గంటసేపట్లోనే పరిస్థితి విషమించవచ్చు. అటువంటప్పుడు ముందు చల్లని నీటితో ఒళ్లంతా చర్మం దాకా తడిపి, ఫ్యాను గాలి తగిలేలా చేసి, ఆ తరువాతనే ఆసుపత్రికి తరలించాలి. తడి తువ్వాలు కప్పి అలాగే వదిలేస్తే వేడి లోపలే నిలిచిపోతుంది.

స్నానం విషయంలోనూ జాగ్రత్త అవసరం. జడలు కట్టిన బొచ్చును తడపకముందే దువ్వాలి. తడిస్తే ముడి మరింత బిగుస్తుంది. స్నానం తరువాత పైపొర ఆరినట్లు కనిపించినా లోపలి పొర గంటల తరబడి తడిగానే ఉంటుంది. వర్షాకాలంలో ఆ చెమ్మకు చర్మం చితికి, రాత్రికి రాత్రే అరచేయంత పుండు తేలవచ్చు. బొచ్చును పాయలు పాయలుగా విడదీసి, చర్మం కనిపించేదాకా ఆరబెట్టడం ఒక్క మనిషికి గంటన్నర పని. పని మనిషికి అప్పగించి బయటికి వెళ్లిపోయే యజమానులు ఈ కుక్కలను పెంచకపోవడమే మంచిది.

మందు కుక్కకు, పురుగు నేలకు

ఇక మిన్నల్లి సంగతి. ఆడ మిన్నల్లి కుక్క ఒంటిపై చేరి రక్తం తాగిన ఒకటి రెండు రోజులకే గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. ఉద్ధృతి మీద రోజుకు 40 నుంచి 50 వరకు పెడుతుంది. నున్నగా ఉప్పురవ్వల్లా ఉండే ఆ గుడ్లు బొచ్చుకు అంటుకోవు, జారి కింద పడతాయి. కుక్క ఎక్కడ పడుకుంటే అక్కడే రాలుతాయి. వాటితోపాటు పెద్ద పురుగులు విసర్జించిన ఎండు రక్తపు నలుసులు కూడా రాలుతాయి. గుడ్డు నుంచి వచ్చే పిల్లపురుగుకు అదే ఆహారం. వెలుతురంటే దానికి గిట్టదు. సోఫా కిందికి, గోనెపట్టా మడతల్లోకి, గచ్చు పగుళ్లలోకి, వరండా పక్కన నీడపట్టు మట్టిలోకి దూరుతుంది. కొన్నాళ్లకు జిగట గూడు అల్లుకుంటుంది. దానికి దుమ్ము అంటుకోవడంతో కంటికి ఆనదు. క్రిమిసంహారక మందు కూడా ఆ గూటిలోకి సరిగా చొరబడదు.

ఒక ఇంట్లో ఉన్న మిన్నల్లుల సంతతినంతా లెక్కిస్తే కుక్క ఒంటిపై ఉండేవి సుమారు అయిదు శాతం మాత్రమేననీ, మిగిలినవి గుడ్లుగా, పిల్లలుగా, గూళ్లుగా పరిసరాలలో ఉంటాయనీ కీటక శాస్త్రజ్ఞుల అంచనా. అయిదు శాతం కోసం బోలెడు డబ్బు పోసి మందు కొని, తొంభై అయిదు శాతాన్ని దుప్పటి కింద వదిలేస్తున్నామన్న మాట. గాలిలో తేమ సగానికి తగ్గితే గుడ్లు, పిల్లలు ఎండిపోతాయి. వెచ్చదనం, చెమ్మ రెండూ ఉంటే మూడు నాలుగు వారాలలో ఒక తరం పూర్తవుతుంది. గడ్డకట్టే చలి ఉన్న దేశాలలో శీతకాలంలో ఆరుబయట వీటి ఉద్ధృతి తగ్గుతుంది. మన కోస్తా జిల్లాలలో ఆ విరామం కూడా లేదు.

గూటిలోని పురుగు తొందరపడదు. అయిదారు నెలలు కూడా వేచి ఉండగలదు. అడుగుల అదురు, ఒంటి వేడి, వదిలిన శ్వాస తగిలినప్పుడే బయటికి దూకుతుంది. వేసవి సెలవులకు ఊరికి వెళ్లి తిరిగివచ్చి తాళం తీసిన కుటుంబం కాళ్లమీదికి ఒక్కసారిగా వందల మిన్నల్లులు ఎగబాకడానికి కారణం ఇదే.

పొట్టిబొచ్చు కుక్క ఒంటిపై పురుగు కంటపడుతుంది. సెయింట్ బెర్నార్డ్ ఒంటిపై కనపడదు. అందుకు సులువైన పరీక్ష ఉన్నది. తోక మొదట్లో సన్నపళ్ల దువ్వెనతో చర్మాన్ని తాకేలా దువ్వి, రాలిన నల్లని నలుసులను తడిపిన తెల్లకాగితంపై వేయాలి. మట్టి అయితే అలాగే ఉంటుంది. మిన్నల్లి విసర్జన అయితే చుట్టూ ఎర్రగా తుప్పురంగు దిగుతుంది.

దురద ఒక్కటే అయితే ఇంత రాయనక్కరలేదు. కొన్ని కుక్కలకు మిన్నల్లి లాలాజలం పడదు. రెండు మూడు కాట్లకే నడుము, తోక మొదలు కొరుక్కుని పుండు చేసుకుంటాయి. చిన్నపిల్లలకు రక్తహీనత వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఒళ్లు కొరుక్కుంటూ మిన్నల్లిని మింగిన కుక్క కడుపులో ఒక రకం బద్దెపురుగు పెరుగుతుంది. దాని ముక్కలు మలంలో బియ్యపు గింజల్లా కనిపిస్తాయి. నేలపై పాకే పసిబిడ్డలు పొరపాటున మిన్నల్లిని మింగినా ఆ పురుగు సోకుతుంది. మిన్నల్లులను వదిలించకుండా నులిపురుగుల మందు ఎన్నిసార్లు వేసినా అది తిరిగి వస్తూనే ఉంటుంది.

ఒకప్పుడు ఇళ్లలో గమాక్సిన్ పొడి చల్లేవారు. ఆ పొడిలోని బీహెచ్‌సీని 1997లో మన దేశంలో నిషేధించారు. దాని స్థానంలో ఇప్పుడు పశువుల మందుల దుకాణంలో దొరికే డెల్టామెత్రిన్ వంటి ద్రావణాన్ని మూత కొలతతో బకెట్‌లో కలిపి కుక్కపై పోస్తున్నారు. పొట్టి వెంట్రుకల గేదె ఒంటిపై పోసిన మందు త్వరగా ఆరుతుంది. దట్టమైన బొచ్చు దానిని పీల్చుకుని నిలవ ఉంచుతుంది. కుక్క దానిని రోజంతా నాకుతుంది. కిరోసిన్, ఫినాయిల్ పట్టించడం మరీ దారుణం. చర్మం కాలిపోతుంది, నాకితే విషం. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పెర్మెత్రిన్ కలిసిన కుక్కల మందును దాని దరిదాపులకు రానివ్వరాదు. పిల్లికి అది ప్రాణాంతకం.

ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ అన్నింటికీ మందు అన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. అది మిన్నల్లులపై సరిగా పనిచేయదు. పైగా కోలీ, షెట్లాండ్ షీప్‌డాగ్, ఆస్ట్రేలియన్ షెపర్డ్, ఓల్డ్ ఇంగ్లిష్ షీప్‌డాగ్ వంటి బొచ్చుజాతులలో కొన్నింటికి, మెదడులోకి మందు చొరబడకుండా కాపాడే జన్యువులో పుట్టుకతోనే లోపం ఉంటుంది. అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001లో దీనిని కనుగొన్నారు. అటువంటి కుక్కకు పిడుదుల కోసమో గజ్జి కోసమో వాడే మోతాదులో ఇస్తే చొంగ కార్చి, తూలి, స్పృహ తప్పి చనిపోవచ్చు. కుక్క ఏ జాతిదో, ఏ సంకరమో వైద్యునికి ముందే చెప్పడం యజమాని బాధ్యత.

కాగా, సరైన మందులకు కొరత లేదు. ఫిప్రోనిల్, సెలమెక్టిన్ వంటి చుక్కల మందులు ఉన్నాయి. అఫోక్సోలనర్, ఫ్లూరాలనర్ వంటి మాత్రలు 2013, 2014 నుంచి వాడుకలోకి వచ్చాయి. దట్టమైన బొచ్చున్న కుక్కలకు మాత్రలే అనువుగా ఉంటాయి. చుక్కల మందు వేస్తే వెంట్రుకలను విడదీసి చర్మంపైనే పడేలా వేయాలి. బొచ్చుపై పడిన మందు బొచ్చుకే పోతుంది. దానికి ముందు, తరువాత రెండేసి రోజులు స్నానం చేయించరాదు. మోతాదు బరువును బట్టి ఉంటుంది కనుక కుక్కను తూకం వేయవలసిందే. ఉజ్జాయింపుగా 40 కిలోలనుకున్నది 60 ఉంటే మందు చాలదు. ఈ తరగతి మాత్రలవల్ల కొన్ని కుక్కలకు వణుకు, మూర్ఛ రావచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018 సెప్టెంబర్‌లో హెచ్చరించింది. లోగడ మూర్ఛ వచ్చిన కుక్క అయితే ఆ సంగతి దాచరాదు.

కుక్కకు మందు వేసిన రోజే పక్కబట్టలన్నీ వేడినీటిలో ఉతకాలి. సోఫా, మంచాల కింద, గచ్చు పగుళ్లలో వాక్యూమ్ క్లీనర్ పెట్టి, దాని సంచిని వెంటనే ఇంటి బయట పారవేయాలి. ఇంట్లోని మిగతా కుక్కలకు, పిల్లులకు వాటికి తగిన మందు అదే రోజు వేయాలి. ఇదంతా చేసిన తరువాత కూడా రెండు మూడు వారాలు, ఒక్కొక్కచోట అంతకు మించి, కొత్త మిన్నల్లులు కనిపిస్తాయి. గూళ్లలో మిగిలినవి ఒకటొకటిగా బయటపడుతున్నాయన్న మాట. చాలామంది ఈ దశలోనే మందు పనిచేయలేదని నిర్ణయించుకుని, పైన చెప్పిన బకెట్ వైద్యానికి దిగుతున్నారు. పక్కబట్టలు వారం వారం ఉతుకుతూ, అదే మందును గడువు తప్పకుండా మూడు నెలలు కొనసాగిస్తే ఇంట్లో పడిన గూళ్లు చాలావరకు ఖాళీ అవుతాయి. ఆ తరువాత మళ్లీ తడికాగితంపై నలుసులు వేసి చూడవచ్చు.