వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు

కంది, పెసర, మినుము, వేరుశనగ వంటి పైరును పూతకు వచ్చే వేళ వేళ్ళతో సహా మెల్లగా పెరికి చూస్తే, వేళ్ళ మీద చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తవి. అవి తెగులు కాదు. గోటితో తాకితే సులువుగా ఊడివస్తవి. నులిపురుగుల మూలంగా వేళ్ళకు వచ్చే కంతులు ఆ విధంగా ఊడిరావు. ఈ బుడిపెలు గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారంగా మార్చే బాక్టీరియాల నివాసాలు.

గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే. అయినా మొక్క దానిని నేరుగా వాడుకోలేదు. ఆ వాయువులో పరమాణువులు రెండేసి గట్టిగా పెనవేసుకొని ఉంటవి. వాటిని విడదీయడానికి ఎరువుల కర్మాగారంలో గొప్ప వేడిమి, పీడనం కావలసివస్తున్నవి. బుడిపెలోని సూక్ష్మజీవి ఆ పనినే నైట్రోజినేజ్ అనే ఎంజైము సహాయంతో, చేలోని మామూలు వేడిమిలోనే నెరవేరుస్తున్నది. ప్రతిఫలంగా మొక్క తన ఆకులలో తయారైన పిండిపదార్థాలలో కొంత దానికి ఇస్తున్నది.

ఈ రహస్యాన్ని 1886లో జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే శాస్త్రజ్ఞులు వెల్లడించినారు. 1888లో హాలండుకు చెందిన బైజరింక్ ఆ సూక్ష్మజీవిని బుడిపె నుండి వేరుచేసి పెంచగలిగినాడు. మరుసటి సంవత్సరం ఫ్రాంక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దానికి రైజోబియం అని నామకరణం చేసినాడు. వేరులో జీవించేది అని దాని అర్థం. పేరు ఒకటే అయినా జీవి ఒకటి కాదని శాస్త్రజ్ఞులు క్రమంగా గ్రహించినారు. బఠాణీ వేరు నుండి తీసిన బాక్టీరియా సోయా చిక్కుడు వేరు మీద బుడిపె కట్టదు. అందుచేత ఏ బాక్టీరియా ఏ మొక్కలతో జతకూడునో పరీక్షించి వర్గాలుగా విభజించినారు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో పరిశోధించిన ఫ్రెడ్, బాల్డ్విన్, మెకాయ్ 1932లో ప్రకటించిన గ్రంథంలో ఈ విభజన ప్రసిద్ధమైనది.

మన పైర్లలో అలసంద, పెసర, మినుము, కంది, వేరుశనగ, జనుము అలసంద వర్గానికి చెందినవి. వీటికి చెందిన బాక్టీరియాలు చాలావరకు ఒకదాని బదులు మరొకటి పనిచేయగలవు. శనగ మాత్రం ఈ పంక్తిలో కూర్చోదు. దాని జత వేరు. సోయా చిక్కుడు జతయు వేరే. ఏండ్ల తరబడి పెసర పండిన చేలో తొలిసారి సోయా వేస్తే, నేలలో కోట్లాది బాక్టీరియాలు ఉండికూడా దానికి తగినవి లేకపోవచ్చును.

ఈ ఎన్నిక ఎట్లా జరుగుతున్నది? మొక్క వేరు ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలను మట్టిలోనికి విడుస్తుంది. ఆ పిలుపు గుర్తించిన బాక్టీరియా తనదైన మరొక రసాయనంతో బదులిస్తుంది. ఆ జవాబు సరిపోతే వేరునూగు వంకర తిరిగి, బాక్టీరియాకు దారి ఇచ్చి, బుడిపె కట్టనారంభిస్తుంది. వేరుశనగలో మాత్రం పక్కవేళ్ళు పుట్టేచోట ఏర్పడే సన్నని పగుళ్ళ గుండా బాక్టీరియా లోనికి ప్రవేశిస్తుంది.

పరిశోధన సాగినకొద్దీ ఈ జీవుల వైవిధ్యం పెరుగుతూ వచ్చినది. నెమ్మదిగా పెరిగే బాక్టీరియాలను 1982లో బ్రాడీరైజోబియం అని వేరుచేసినారు. మన వేరుశనగ, కంది పైర్లలో ఎక్కువగా కనిపించేవి ఇవే. ఆఫ్రికాలోని ఒక జాతి జీలుగలో కాండం మీద సయితం బుడిపెలు కట్టించే బాక్టీరియాకు 1988లో ఎజోరైజోబియం అని పేరు పెట్టినారు. శనగ బాక్టీరియాలు 1997లో ఏర్పరచిన మీసోరైజోబియం అనే ప్రజాతిలో చేరినవి. 2001లో మరింత వింత బయటపడినది. తైవానులో అత్తిపత్తి బుడిపెల నుండి తీసిన బాక్టీరియా రైజోబియానికి దగ్గరి బంధువే కాదు. బాక్టీరియాలలో మరొక పెద్ద శాఖకు చెందినది.

ఇంత దూరపు జీవులకు ఒకే విద్య ఎట్లా అబ్బినది? న్యూజీలాండులో జరిగిన పరిశోధన ఒక దారి చూపినది. అక్కడ ఒక పశుగ్రాసపు మొక్కకు ఒకే రకం బాక్టీరియాను పట్టించి విత్తినారు. ఏడేండ్ల తరువాత చూడగా బుడిపెలలో అనేక రకాలు ఉన్నవి. మొదటి బాక్టీరియా నుండి బుడిపె కట్టే జన్యువుల మూట స్థానిక బాక్టీరియాలకు సంక్రమించినదని 1995లో తేల్చినారు. విద్య వంశం వెంటనే కాక, ఇరుగుపొరుగు వెంట కూడా ప్రయాణం చేస్తున్నదన్నమాట.

ఇందులో రైతుకు ఒక ప్రమాదం కలదు. ఆస్ట్రేలియాలో బిసెరులా అనే పశుగ్రాసపు మొక్క విషయంలో ఈ విధంగా జన్యువులు పొందిన స్థానిక బాక్టీరియాలలో కొన్ని, బుడిపెలు కట్టినవి గాని మొక్కకు తగినంత నత్రజని ఇవ్వలేదు. అందుచేత బుడిపెల సంఖ్య చూసి సంతోషించడం చాలదు. బుడిపెను కోసి లోపలి రంగు చూడవలెను. గులాబీ లేక ఎరుపు రంగు ఉంటే పని జరుగుతున్నదన్నమాట. ఆ రంగు మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌ను పోలిన లెగ్‌హిమోగ్లోబిన్ అనే పదార్థానిది. ప్రాణవాయువు ఎక్కువైతే నైట్రోజినేజ్ చెడిపోతుంది గనుక, ఈ పదార్థం దానిని కొలతగా అందిస్తూ ఉంటుంది. లోపల తెల్లగానో ఆకుపచ్చగానో ఉన్న బుడిపె ఇంకా పక్వానికి రానిది కావచ్చును, కాలం తీరినది కావచ్చును, తిని పనిచేయనిదీ కావచ్చును.

కాబట్టి రైజోబియం పొట్లం కొనేటప్పుడు అది ఏ పైరుకు ఉద్దేశించినదో, గడువు తేదీ ఏమిటో చదివి తీసుకోవలెను. శనగ పొట్లం కందికి, కంది పొట్లం సోయాకు పనికిరావు. అందులో ఉన్నవి ప్రాణమున్న జీవులు. ఎండ తగిలితే నశిస్తవి. విత్తనానికి పట్టించిన తరువాత నీడలో ఆరబెట్టి, జాప్యం లేకుండా విత్తవలెను. యూరియా అధికంగా వేస్తే మొక్కకు వీటి అవసరం తగ్గి, బుడిపెలు తక్కువగా కడతవి. సరైన జత కుదిరిన చేలో ఎరువు ఖర్చు కొంత మిగులుతుంది. కుదరని చేలో పొట్లానికి పెట్టిన డబ్బు వృథా కావడమే కాక, గాలిలో అంత నత్రజని ఉండికూడా పైరు పసుపుపచ్చబారుతుంది.