కమతం పరిమాణం - దిగుబడి చర్చ

చిన్న కమతాలలో ఎకరా దిగుబడి పెద్ద కమతాలలో కంటే అధికమా, కాదా అను విషయమై 1960వ దశకం నుండి భారత ఆర్థికవేత్తల మధ్య జరిగిన వాదోపవాదాలను కమతం పరిమాణం - దిగుబడి చర్చ అంటారు. భూమిని పేదలకు పంచితే పంట తగ్గునా, పెరుగునా అన్న ప్రశ్న దీనితో ముడిపడి ఉన్నది. తెలంగాణకు చెందిన ఎ.ఎం.ఖుస్రో, సి.హెచ్.హనుమంతరావు ఈ చర్చలో పాల్గొన్న ప్రముఖులు.

నేపథ్యం

చౌటుప్పల్ మండలానికి పొరుగున ఉన్న పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూదానోద్యమాన్ని ప్రారంభించాడు. గ్రామంలోని భూమిలేని పేదలకై వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చాడు. ఆ తరువాత భూపంపిణీ న్యాయమే అయినా లాభదాయకమా అన్న సందేహం విద్వాంసులలో బలపడినది.

ప్రధాన వాదనలు

1950వ దశకపు వ్యవసాయ యాజమాన్య సర్వేలను పరిశీలించిన అమర్త్య సేన్, కమతం పెరిగిన కొలది ఎకరా దిగుబడి తగ్గుచున్నదని 1962లో వ్రాశాడు. కుటుంబ శ్రమయే ఇందుకు కారణమని ఆయన వివరణ. ఉదాహరణకు, ఒక రోజు కలుపు తీయుటకు కూలి 300 రూపాయలు, దానివలన పెరిగే పంట విలువ 200 రూపాయలు అనుకొందాం. పెద్ద రైతు కూలీని పెట్టడు. వేరే పని దొరకని చిన్న రైతు తానే కలుపు తీస్తాడు. అందువలన అతని ఎకరాలో పంట పెరుగుతుంది.

ఎ.ఎం.ఖుస్రో భూసారాన్ని ముందుకు తెచ్చాడు. శిస్తు ఆధారంగా నేల నాణ్యతను సరిచేసి లెక్కించితే ఈ తేడా చాలావరకు తొలగిపోవునని 1964లో చూపాడు. చెరువు క్రింది తరి ఎకరాను, చెలక ఎకరాను ఒకే గాటకట్టరాదని దీని భావం. విడివిడి కమతాల లెక్కలలో ఇట్టి సంబంధం స్థిరంగా కనిపించదని అశోక్ రుద్ర 1968లో ఆక్షేపించాడు. హనుమంతరావు 1965, 1975 నాటి గ్రంథాలలో సాగు ఖర్చులను, కొత్త సాంకేతికత ఫలాలు ఎవరికి చేరినవో పరిశీలించాడు.

విధానాలపై ప్రభావం

పంచుటకు చాలినంత భూమి లేదనీ, గ్రామీణ పనుల ద్వారా ఉపాధి కల్పించాలనీ దండేకర్, రథ్ 1971లో వాదించారు. అయినను ఆంధ్రప్రదేశ్ 1973లో భూపరిమితి చట్టం చేసినది. దీని ప్రకారం నేల తరగతిని బట్టి కుటుంబ గరిష్ఠ పరిమితి తరికి 10 నుండి 27 ఎకరాలు, మెట్టకు 35 నుండి 54 ఎకరాలు. ఖుస్రో నొక్కిచెప్పిన నేల తేడా ఈ అంకెలలోనూ కనిపిస్తుంది.

నేటి ప్రాసంగికత

చౌటుప్పల్ ప్రాంతంలో చాలా భాగం బావులు, బోర్లపై ఆధారపడిన మెట్ట. హైదరాబాదు సమీపం, పరిశ్రమల రాక వలన ఇక్కడి రైతు కుటుంబాలకు బయట పని దొరుకుచున్నది. వేరే పని లేదన్న షరతు సడలినచోట సేన్ వివరణ కూడా బలహీనపడుతుంది. బోరు వేయించగల పెట్టుబడి ఎవరికున్నదన్నది అప్పుడు నిర్ణాయకమవుతుంది. అందుచేత భూమి పంచుటతో పాటు నీరు, పరపతి అందించనిదే చిన్న కమతం నిలువదని చెప్పవచ్చును.

ఇవి కూడా చూడండి

* భూదానోద్యమం
* భూదాన్ పోచంపల్లి
* అమర్త్య సేన్