బంగారు గనుల్లో సిలువ, ఎర్రజెండా

కోలారు బంగారు గనుల్లో క్రైస్తవం, కమ్యూనిజం ఒకే కార్మికవాడల్లో వేళ్లూనాయి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ తవ్వకాలు చేపట్టాక ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాల నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి తమిళ, తెలుగు కూలీలు తరలివచ్చారు. గనిలోకి దిగినవారిలో అత్యధికులు దళితులు. కార్మికుల లైన్లలోని ఇళ్ల పక్కనే కాథలిక్, ప్రొటెస్టెంట్ చర్చిలు లేచాయి. అలాగని కార్మికులందరూ క్రైస్తవులు కారు. తమిళ దళిత మేధావి అయోతీదాసు ప్రేరణతో బౌద్ధమూ ఇక్కడ నిలదొక్కుకుంది.

ఈ రెండు నమ్మకాల మధ్య పోలిక పాతదే. యెరూషలేములోని తొలి క్రైస్తవ విశ్వాసులు ఆస్తులు అమ్మి, ఎవరి అవసరాన్ని బట్టి వారికి పంచారని అపొస్తలుల కార్యములు చెబుతుంది. సొంత ఆస్తి లేని సమాజాన్ని 1516లో థామస్ మోర్ ‘యుటోపియా’లో ఊహించాడు. 1525 జర్మన్ రైతాంగ తిరుగుబాటులో థామస్ ముంట్సర్ దైవరాజ్యాన్ని భూమి మీదికే దింపాలని పోరాడి ప్రాణాలిచ్చాడు. అవసరాన్ని బట్టి పంపకమన్న సూత్రాన్నే మార్క్స్ 1875లో కమ్యూనిస్టు సమాజపు ఉన్నత దశకు గుర్తుగా నిలిపాడు.

పోలిక ఇక్కడిదాకానే. తొలి క్రైస్తవులు పంచుకున్నది చేతిలో ఉన్న సొత్తును. ఆ సొత్తును పుట్టించే పొలం, పనిముట్టు ఎవరివన్న ప్రశ్న వారు వేయలేదు. మార్క్స్ మొదలుపెట్టిందే ఆ ప్రశ్నతో. కోలారులో ఇది పుస్తకాల తగువు కాదు. మూడు కిలోమీటర్లకు పైగా లోతున, రాళ్లు పేలే సొరంగాల్లో, సిలికోసిస్‌తో ఊపిరితిత్తులు పాడుచేసుకుని మనుషులు తీసిన బంగారం లాభాలు లండన్ వాటాదారులకు చేరేవి. చర్చి బడులు, ఆసుపత్రులు నడిపింది. అవి నిజమైన సేవలే. గని ఎవరిదన్న ప్రశ్నను మాత్రం ముందుకు తెచ్చింది యూనియన్.

వేలిముద్రల నమోదుకు వ్యతిరేకంగా 1930లో కార్మికులు సమ్మెకట్టారు. తర్వాతి దశాబ్దంలో కమ్యూనిస్టులు యూనియన్లను బలపరిచారు. 1946 నవంబరు 4న పోలీసు కాల్పుల్లో ఆరుగురు కార్మికులు చనిపోయారు. 1957 శాసనసభ ఎన్నికల్లో కమ్యూనిస్టు ఎం.సి. నరసింహన్ ఇక్కడి నుంచి గెలిచారు.

ఈ రెండు నమ్మకాలను కలిపి ఆలోచించినవారికి రెండు వైపులా తలుపులు మూసుకున్నాయి. 1940ల్లో కేరళ క్రైస్తవ మేధావి ఎం.ఎం. థామస్‌కు మార్క్సిస్టు భావాలున్నాయని చర్చి గురుత్వాభిషేకం ఇవ్వలేదు, క్రైస్తవుడని కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వం ఇవ్వలేదు. 1957లో పక్కనే ఉన్న బెంగుళూరులో మొదలైన క్రైస్తవ మత, సమాజ అధ్యయన సంస్థకు ఆయన తర్వాత సారథ్యం వహించారు. జెస్యూట్ గురువు సెబాస్టియన్ కాపెన్ 1977లో యేసును విముక్తి ప్రవక్తగా చూపుతూ పుస్తకం రాసి వాటికన్ ఆగ్రహానికి గురయ్యారు.

ఇక గనుల విషయానికొస్తే, 1956లో మైసూరు ప్రభుత్వం వాటిని జాతీయం చేసింది. యజమాని మారాడు గానీ, ఆ యజమాని కార్మికుడు కాలేదు. అపొస్తలుల పంపకమూ, మార్క్స్ కోరిన ఉమ్మడి యాజమాన్యమూ రెండూ అందలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. మూసివేత నిర్ణయం, అప్పటికి వాటిని తన చేతిలోకి తీసుకున్న కేంద్ర ప్రభుత్వానిది.